తొలి కబురు

"మళ్లొచ్చినవా?" గేటు తియ్యకుండానే అరిచాడు సదయ్య.

అవతల నిలబడ్డ అమ్మాయి బెదరలేదు. మూడు రోజుల్లో ఇది మూడోసారి.

"ఒక్క మాట అడిగి పోత కాకా."

"నీకు కాకనెట్లయిన? నడువ్!"

సదయ్య గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి ల్యాంపు రూంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. బాయిలోకి దిగేవాళ్లకు కిటికీలోంచి టోపీ దీపాలివ్వడం, పైకి ఎక్కి వచ్చాక తీసుకోవడం అతని డ్యూటీ. దీపం తిరిగి రాలేదంటే మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు.

తొంభై ఐదులో బాయి లోపల పైకప్పు కూలిన రోజు నాలుగు దీపాలు రాలేదు. ఆ సంగతి అందరికన్నా ముందు తెలిసింది సదయ్యకే.

ఇప్పటికి పదిహేనేళ్లు.

ఆ అమ్మాయి హైదరాబాదులో పరిశోధన చేస్తోంది. ప్రమాదం కబురు ఇళ్లకు ఎట్లా చేరుతోంది, ఎట్లా చేరాలి అన్నది ఆమె విషయం. దానికి ఫెలోషిప్పు ఇచ్చారు. నెలాఖరుకు రాసి ఇవ్వకపోతే అది ఆగిపోతుంది.

"సచ్చినోళ్ల మీద నీకు పైసలిస్తున్నరా? మా ఏడుపు రాసుకొని నువ్వు డాక్టరువైతవు. మాకేంది?"

"ఇంటోళ్లకు మంచిగ చెప్పెటందుకు ఒక మనిషి ఉండాలె కాకా. గదే రాస్తున్న. ఆ దినం ల్యాంపు రూం కిటికీ కాడికి వచ్చినోళ్లకు నువ్వేం చెప్పినవ్?"

సదయ్య మొహం మాడిపోయింది. పక్కనున్న బకెట్ ఎత్తి గేటు మీంచి నీళ్లు విసిరాడు.

"ఆ పొద్దు ఆ ఇండ్లల్ల ఏమైందో నీకేం ఎర్క?"

ఆమె గేటు దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. తడిసిన కాగితాలను చున్నీతో ఒత్తుకుంటూ బస్టాండుకు పోయే ఆటో ఎక్కింది.

పక్కింటి యేసమ్మ గోడ దగ్గరికొచ్చింది.

"గట్ల చేసినవేంది సదయ్యన్నా? నిన్న నా ముంగట ఏడ్చింది ఆ పిల్ల."

"ఏమని?"

"'ఆయన మీద నాకు కోపం లేదత్తా. గసొంటి కబురు ఎట్ల చెప్పాల్నో ఆయనకు ఎవరు నేర్పలే' అన్నది."

సదయ్య చేతిలోని బకెట్ జారింది.

"ఎవరామె?"

"ఆ దినం బాయిల సచ్చిపోయిన యేసుదానం బిడ్డ, గ్లోరియా."

చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండుకు ఉరికాడు సదయ్య. హైదరాబాదు బస్సు అప్పటికే వెళ్లిపోయింది.

ఆ రోజు కిటికీ ఊచలు పట్టుకుని "మా బాపు ఎక్కిండా?" అని అడిగితే, నోరు రాక "ఎప్పుడో ఎక్కిండు, ఇంటికి పో" అని తను అబద్ధం చెప్పి పంపగా, నవ్వుకుంటూ ఇంటికి పరుగెత్తిన తొమ్మిదేళ్ల పిల్ల ఆమే.