హౌజు దగ్గర నిలబడ్డ మనిషి

కృష్ణమ్మ పాలు పిండుతుండగా ఎవరో తడిక తోసుకుని కొట్టంలోకి వచ్చారు.

ఖాకీ అంగీ, యాభై దాటిన వయసు, ఎండకు కమిలిన ముఖం. ఎన్నడూ చూడని మనిషి.

"బిడ్డా, పదిహేను దినాలు బర్లను హౌజు కాడికి తోలకు," అన్నాడు. "గొడ్లకు పెద్ద రోగం వచ్చింది. పశువుల దవాఖానల సూదులు ఏస్తున్నరు. ఏపియ్యి."

కృష్ణమ్మ చెయ్యి ఆపకుండానే అతన్ని ఎగాదిగా చూసింది. సర్కారు మనిషి అనుకుంది.

అది పందొమ్మిది వందల యాభై ఆరో సంవత్సరం ఎండాకాలం. అప్పట్లో మాదన్నపేటలో ఇంటి వెనక బర్రెలు లేనివాళ్లు తక్కువ. తెల్లారేసరికి వాడంతా కుడితి వాసన, పిడకల పొగ. కృష్ణమ్మకు నాలుగు బర్రెలు. భర్త భిక్షపతి మిల్లుకు పోతే మేత, నీళ్లు, పేడ అన్నీ ఆమెవే. శాలిబండ ఇళ్లలో పాలు పోసి వచ్చి, బర్రెలను వాడ చివరి నీళ్ల హౌజుకు తోలుకుపోయేది. అవి నీళ్లు తాగుతుంటే వీపులు రుద్దుతూ తోటి ఆడవాళ్లతో ముచ్చట్లు పెట్టేది. రోజు మొత్తంలో ఆమెకు అదొక్కటే తీరిక.

నాలుగింటిలో పెద్దది గంగి. పెళ్లయినప్పుడు చిన్న దుడ్డెగా పుట్టింటి నుంచి ఆమె వెంట నడిచి వచ్చింది.

అత్త నాగమణమ్మ లోపలి నుంచి అంతా విన్నది. సూది వేస్తే పాలు ఇగిరిపోతాయని ఆమెకెవరో చెప్పారట. వచ్చిన దారినే పొమ్మని అతన్ని పంపేసింది.

మర్నాడు హౌజు దగ్గర మళ్లీ అతనే.

రెండు చేతులూ చాచి, వచ్చిన బర్రెనల్లా వెనక్కి మళ్లిస్తున్నాడు. జనం తిట్టారు. ఎండలో పశువుల నోటికాడి నీళ్లు లాగేస్తావా అని ఒకాయన మెడ పట్టి గెంటాడు. గంగికి అడ్డం వచ్చేసరికి కృష్ణమ్మకూ ఒళ్లు మండింది. తోసింది. అతను రాళ్ల మీద పడ్డాడు.

లేచి, మోచేతికి అంటిన మట్టి దులుపుకున్నాడు.

"నన్నెంతన్న తిట్టు బిడ్డా. బర్లకు మాత్రం సూదేపియ్యి."

ఆమె వినిపించుకోలేదు. నాలుగు బర్రెలూ కడుపునిండా తాగాయి.

ఆ తర్వాత అతను రోజూ కొట్టం గోడ అవతల నిలబడి, బర్రెలను కాసేపు చూసి వెళ్లిపోయేవాడు. దిష్టి పెడుతున్నాడని నాగమణమ్మ గొణిగేది.

ఆరో రోజు మాత్రం గోడ మీదుగా పిలిచాడు.

"పెద్ద బర్రె నెమరేస్తలేదు, చూసినవా?"

కృష్ణమ్మ చూసింది. పొద్దుటి నుంచి గంగి గడ్డి ముట్టలేదు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఆమె గోడ దగ్గరికి పరుగెత్తింది. ఏం చెయ్యాలని అడిగింది.

"దాన్ని ఎడంగ కట్టు. కాళ్లు చేతులు కడుక్కోకుంట వేరే బర్ల తాకకు. మూడింటిని ఇప్పుడే తోలుకపోదాం. నేనొస్త."

నడినెత్తిన ఎండ. ముందు అతను, వెనక ఆమె, మధ్యలో మూడు బర్రెలు. దవాఖాన దగ్గర తిరునాళ్లంత జనం. సూది పడేటప్పుడు ఒక్కొక్కదాని మెడ చుట్టూ చెయ్యి వేసి, చెవిలో ఏదో చెబుతూ అతనే పట్టుకున్నాడు. అవి కొత్త మనిషికి బెదరలేదు.

గంగి నాలుగు రోజులకు పోయింది.

భిక్షపతితో కలిసి అతనే గొయ్యి తవ్వాడు. సున్నం చల్లాడు. మట్టి కప్పుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. కృష్ణమ్మ తన ఏడుపు ఆపి అతన్ని చూసింది. ఊరి గొడ్లను చూసే సర్కారు మనిషి పరాయి బర్రె కోసం ఇంతగా ఏడుస్తాడా అనిపించింది. పేరైనా అడగలేదు.

ఆ ఎండాకాలం వాడలో చాలా కొట్టాలు బోసిపోయాయి. కృష్ణమ్మ మూడు బర్రెలూ నిలిచాయి.

తొలకరి పడ్డాక అందులో ఒకటి ఈనింది. కృష్ణమ్మ జున్ను వండింది. మొదటి గిన్నె ఎవరికని అత్త అడగలేదు. తానే పైన గుడ్డ కట్టి కోడలి చేతికిచ్చి, ఆ పెద్దమనిషిని నేను మాటలన్న అని చెప్పమంది.

దవాఖానలో కాంపౌండరు సదాశివ ఒక్కడే ఉన్నాడు. ఖాకీ అంగీ వేసుకుని వాడవాడ తిరిగి సూదుల సంగతి చెప్పే మీ మనిషి ఎక్కడని కృష్ణమ్మ అడిగింది.

అసొంటి నౌకరు తమకు లేడన్నాడు సదాశివ.

ఆమె ఆనవాళ్లు చెప్పింది. బర్రెల చెవిలో మాట్లాడేవాడంది. సదాశివ చేతిలో పని ఆపాడు.

"లక్ష్మయ్యనా? రోగం నల్లగొండ దిక్కు పోయిందని తెలిసి, ఆయన గూడ అటే పోయిండమ్మా. మల్ల వస్తడో రాడో."

"సర్కారే పంపిందా?" అని అడిగింది కృష్ణమ్మ. గిన్నె ఇంకా వెచ్చగానే ఉంది.

"ఎవ్వరు పంపలే," అన్నాడు సదాశివ, "చాదర్‌ఘాట్ అవతల పదకొండు బర్లుండె ఆయనకు, సూదులేస్తనని నేను మూడుసార్లు పోతే మూడుసార్లు ఎల్లగొట్టిండు, ఎనిమిది దినాలల్ల ఒక్కటి మిగల్లే."