కూనిరాగానికి ఒక్క పాట

"మళ్ళీ వచ్చింది!"

దళం టీషర్టులమ్మే దుకాణం నుంచి జోలీన్ పరిగెత్తుకొచ్చింది. చేతిలో పోస్టుకార్డంత అట్టముక్క.

మైదానం అంచున నీళ్ళ డబ్బాల చుట్టూ చేరిన పిల్లలంతా లేచి నిలబడ్డారు. పిల్లలంటే పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి దాకా వయసున్నవాళ్ళు, నూట యాభై మంది. కాటన్‌వుడ్ హెరాల్డ్స్ దళం. బాకాలు, డ్రమ్ములు, జెండాలతో ఫుట్‌బాల్ మైదానంలో కవాతు చేస్తూ పదకొండు నిమిషాల ప్రదర్శన ఇస్తారు. వేసవంతా బస్సుల్లో అమెరికాలోని అయోవా, ఇల్లినాయ్ రాష్ట్రాల ఊళ్ళు తిరుగుతూ, బడుల్లో నేలమీద పడుకుంటూ, తోటి దళాలతో పోటీ పడతారు. జోలీన్ వాళ్ళలో మొదటి ట్రంపెట్, అంటే బాకావాళ్ళలో ముఖ్యురాలు.

"చదువు, చదువు!"

జోలీన్ గొంతు సవరించుకుంది. "'అయ్యా, నాకు డెబ్బై దగ్గరపడ్డాయి. ఇంకెన్ని వేసవులు చూస్తానో తెలీదు. ఇంటికెళ్తూ కూనిరాగం తీసుకోడానికి ఒక్క పాట వాయించండి. మీరు ఒకప్పుడు వాయించిన వాల్ట్జ్ నాట్యం పాట ఉంది కదా. ఇట్లు, ఒక పాత బాకావాడు.'"

అందరూ గొల్లుమన్నారు. అయిదు ఊళ్ళు, అయిదు కార్డులు. ఊరూరా వెంట తీసుకెళ్ళే ఆ దుకాణం దగ్గర జనం అభిప్రాయాలు రాసి వేసే పెట్టె ఒకటి ఉంటుంది. అందులో ఎవరు వేస్తున్నారో ఒక్కరూ చూళ్ళేదు. పెన్సిల్‌తో, అచ్చువేసినట్టు పెద్ద పెద్ద అక్షరాలు.

"మన వెనకాలే ఊరూరా తిరుగుతున్నాడంటే పనీపాటా లేనివాడన్నమాట."

"మన బస్సు డ్రైవరేమో!"

"నేనా?" అన్నాడు డ్రైవరు బస్సు మెట్టు మీంచి. "నాకు సంతకం పెట్టడానికే బద్ధకం."

"ఇలా ఇవ్వమ్మాయ్," అన్నాడు ఓరిన్ థాక్స్టన్.

దళానికి ఇరవై ఆరేళ్ళుగా సంగీతం రాస్తున్నది ఆయనే. ఈ ఏడాది రాసినదాంట్లో పట్టుకుందామంటే ఒక్క రాగం లేదు. నది మీద మంచు పగిలినట్టు బాకాలు పలుకుతాయి. డ్రమ్ములు మూడు గుంపులుగా మూడు లెక్కల్లో నడుస్తాయి. న్యాయనిర్ణేతలు మార్కులు కుమ్మరిస్తున్నారు. జనం మాత్రం నాలుగో నిమిషానికల్లా హాట్‌డాగుల కోసం లేచిపోతున్నారు. 'జనం ఇంటికెళ్తూ పాడుకునేది రాశానంటే, నేను కొత్తగా ఏమీ రాయనట్టే' అని ఓరిన్ ఎప్పుడో ఒక పత్రికతో అన్నాడు. ఆ మాట ఇప్పుడు పిల్లల టీషర్టుల వీపు మీద ఉంది.

ఓరిన్ కార్డు నెమ్మదిగా చదివాడు. "పాపం, ఏమంత పెద్ద కోరిక కోరాడు? ఆఖరి రెండు నిమిషాలూ ఆయనకిస్తే మన సొమ్మేం పోయింది?"

జోలీన్ పకపకా నవ్వింది.

"సార్ మనకి పరీక్ష పెడుతున్నారర్రా!"

"మేం లొంగం సార్!" అని వెనకనించి కేక.

"పరీక్ష కాదమ్మాయ్, నేను నిజంగానే..."

డ్రమ్ములవాళ్ళు దరువందుకున్నారు. మిగతా మాట ఎవరికీ వినపడలేదు.

తర్వాతి ఊళ్ళో ఇంకా ఘోరం. ప్రదర్శన పూర్తయ్యేసరికి ఎడమవైపు గ్యాలరీ సగం ఖాళీ. కార్డు మాత్రం వచ్చింది. మర్నాడు పొద్దున్న వంటబండి దగ్గర దళం డైరెక్టరు కోరీన్, ఓరిన్ పక్కన వచ్చి కూర్చుంది.

"ఓరిన్ గారూ, ఆ వాల్ట్జ్ పెట్టేద్దామా? పాత కాగితాలు ట్రక్కులోనే ఉన్నాయి. నాలుగు రోజుల్లో నేర్చేసుకుంటారు."

ఓరిన్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "నిజంగానా?"

"నిజంగానే. దళం కమిటీకి నేను చెప్పుకుంటాను. కానీ పిల్లలకి మీ నోటితో మీరే చెప్పాలి. నేను చెబితే మీ మెడలు వంచానంటారు."

"చెప్తాను," అన్నాడాయన. కాఫీ అలాగే వదిలేసి మైదానంలోకి నడిచాడు.

మైదానం మధ్య ఎత్తుబల్ల ఎక్కేసరికి నూట యాభై మందీ బారులు తీరి ఉన్నారు. వార్త ముందే పొక్కింది. ఆయన నోరు తెరిచేలోగా జోలీన్ ఒకడుగు ముందుకొచ్చింది. ఎండకీ వాయింపుకీ ఆ పిల్ల పెదవులు పగిలిపోయి ఉన్నాయి.

"సార్, నిన్న మా నాన్న ప్రదర్శన మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. నేను చూస్తూనే వాయించాను. వాయిస్తూనే ఏడ్చాను. ఇది నాకు ఆఖరి ఏడాది. మళ్ళీ రావడానికి వయసు ఒప్పుకోదు. అయినా మీ సంగీతంలో ఒక్క స్వరం మార్చినా నాకొద్దు. మా మీద జాలిపడి మాత్రం మీరు వెనక్కి తగ్గకండి."

"తగ్గొద్దు! తగ్గొద్దు!" బారులన్నీ ఒక్కసారి అరిచాయి.

ఓరిన్ బల్ల కమ్మీ పట్టుకున్నాడు. మెట్లవైపు చూశాడు. మెట్ల చుట్టూ కూడా పిల్లలే.

"సరే," అన్నాడు చివరికి. "మార్చం."

పిల్లలు ఆయన్ని అమాంతం భుజాలకెత్తుకున్నారు. "దింపండర్రా, దింపండి," అంటూనే ఉన్నాడు. ఎవరూ దింపలేదు. మైదానం చుట్టూ రెండుసార్లు ఊరేగించారు. ఆయన కళ్ళు తడిగా ఉండటం చూసి కోరీన్ కూడా కళ్ళు తుడుచుకుంది.

మూడు రోజుల తర్వాత మరో ఊరు. ప్రదర్శన ముగిశాక జోలీన్ పెట్టె తలకిందులు చేసి దులిపింది. రెండు అభినందనలు, ఒక చూయింగ్ గమ్ కాగితం రాలాయి.

"సార్! కార్డు రాలేదు! ముసలాయన ఓడిపోయాడు!"

"పోన్లే," అన్నాడు ఓరిన్. "విసిగిపోయుంటాడు."

"రేపు కొత్త ఊళ్ళో మళ్ళీ మొదలెడతాడేమో?"

"లేదమ్మాయ్. ఇంక రాయడు."

జోలీన్ బాకా చంకనబెట్టుకుని గెంతుకుంటూ బస్సువైపు పోయింది.

ఆ రోజు పెట్టెలో వెయ్యని కార్డు, పెన్సిల్ ముక్కా ఓరిన్ జేబులోనే ఉన్నాయి.