ఏడో నంబరు మహిళ

ఫిబ్రవరి పంతొమ్మిది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆమ్లెట్, రెండు బ్రెడ్డు ముక్కలు తిని సోషియాలజీ మేష్టారు తన గదికి వచ్చి కూర్చున్నారో లేదో, చెంప పగిలింది. కళ్ళజోడు ఎగిరి బీరువా కింద పడింది.

"పేపర్లో వేయించింది నువ్వేనా?" కొట్టిన బస్సు డ్రైవరు ఆయన కాలరు పట్టుకుని లేపాడు. రెండో చేతిలో నలిగిన వార్తాపత్రిక. "ఏడో నంబరు మహిళ. మొగుడు బస్సు డ్రైవరు. ఇద్దరు పిల్లలు. కూరలో ఉప్పెక్కువైందని చితకబాదాడు. డిపోలో అందరూ నన్ను చూసే నవ్వుతున్నారు! మా ఆవిడ మీ దగ్గర నోరిప్పిందా లేదా?"

"మాతో మాట్లాడినవాళ్ళ పేర్లు చెప్పం బాబూ," అన్నారు మేష్టారు, పెదవి మీది రక్తం తుడుచుకుంటూ.

డ్రైవరు ఆయన చెయ్యి బల్లమీద అదిమిపెట్టి పేపర్‌వెయిట్ ఎత్తాడు. చూపుడువేలు పటుక్కుమంది. మేష్టారు కెవ్వుమన్నారు గానీ, పేరు మాత్రం చెప్పలేదు.

గదిలోనే ఉన్న పరిశోధక విద్యార్థిని గోడకి అతుక్కుపోయి ఏడుస్తోంది. మొగుళ్ళ చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్ళ మీద రాసిన, పేపర్లో పడిన ఆ థీసిస్ ఆమెదే. మూడేళ్ళుగా విసుక్కోకుండా దిద్దింది మేష్టారు.

"సరే, దాన్నే అడుగుతా. గదిలో పెట్టి తాళం వేసే వచ్చా. నాలుక కోస్తానంటే అదే చెబుతుంది," అంటూ డ్రైవరు వెనుదిరిగాడు.

"ఆగండన్నా!" అమ్మాయి అడ్డం పడింది. "ఆమె మీ ఆవిడ కాదు! ఎవరూ గుర్తుపట్టకూడదని వివరాలన్నీ మేమే మార్చి రాస్తాం. ఆవిడ మొగుడు డ్రైవరు కాదు. వాళ్ళకి పిల్లలే లేరు. అతని దెబ్బకి ఆవిడ ఎడమ చెవి పోయింది, ఆ సంగతి అసలు రాయనే లేదు. మీ ఆవిడకి రెండు చెవులూ వినిపిస్తాయా లేదా?"

"...వినిపిస్తాయి."

"మరి ఉప్పు మీ ఒక్క ఇంట్లోనే ఉందనుకున్నారా?"

డ్రైవరు పేపర్‌వెయిట్ బల్లమీద పెట్టేశాడు. వంగి, బీరువా కిందనుంచి కళ్ళజోడు తీసి, చొక్కాకి తుడిచి మేష్టారి చేతికిచ్చాడు. "తాళం తీయాలి," అని గొణుక్కుంటూ మెట్లు దిగి పరుగెత్తాడు.

"నియమం తప్పాను సార్," అంది అమ్మాయి, ఆయన వేలికి రుమాలు చుడుతూ. "కానీ ఆవిడ ఎవరో నిజంగా నాకూ తెలీదు. మహిళా కేంద్రంవాళ్ళు ఆవిడ చెప్పింది రాసుకుని, పేరు లేకుండా నంబరొక్కటే వేసి ఇచ్చారు."

"ఫర్వాలేదమ్మా. ఒక ప్రాణం కాపాడావు." మేష్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఎడమ చెవి అన్నావు కదూ?"

"అవును సార్."

చీకటిపడే వేళకి ఆయన ఇల్లు చేరారు. భార్య తలుపు తీసి, "అయ్యో, వేలికేమైందండీ?" అంది.

మేష్టారు లోపలికి వచ్చి, ఆవిడకి వినిపించే కుడి చెవి దగ్గరకి వంగి, "ఏడో నంబరు నువ్వేనా?" అని మెల్లగా అడిగి, ఇక రాత్రికి ఎవరూ రాకుండా తలుపు వేసేశారు.