తాబేలు మాట్లాడదు

"ఇంతకీ క్లెమ్ వస్తున్నాడా, లేదా?"

టికెట్ల కిటికీ దగ్గర అందరిదీ ఇదే ప్రశ్న.

పదహారేళ్ల కిందట మూతపడిన హాల్లో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అది. పేరు రివర్ టర్టిల్స్, అంటే నది తాబేళ్లు. మిసిసిపీ నది ఒడ్డునున్న ఆ చిన్న ఊరు గొప్పగా చెప్పుకోవడానికి అదొక్కటే ఉండేది.

దానికి మళ్లీ ప్రాణం పోసింది మేనేజర్ జొలీన్. హాలు బాగుచేయించింది. ఆటగాళ్లను వెతికి తెచ్చింది. మైదానం చుట్టూ గోడలకు కొత్త మెత్తలు కట్టించింది. ఊరు మాత్రం ఆటగాళ్ల పేర్లయినా అడగలేదు. క్లెమ్‌నే అడిగింది.

క్లెమ్ అంటే జట్టు తాబేలు. తాబేలు వేషంలో ఉన్న మనిషన్నమాట. తమవాళ్లు బంతితో అవతలి గీత దాటి టచ్‌డౌన్ చేసినప్పుడల్లా క్లెమ్ గోడెక్కి, మొదటి వరుస మీదికి వెల్లకిలా పడేవాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ అలాగే ఉండిపోయేవాడు. పిల్లలు కేకలేస్తూ పరుగెత్తుకొచ్చి నిలబెడితేనే ఆట ముందుకు సాగేది.

వేషంలో ఉన్నది ఎవరో ఊళ్లో ఎవరికీ తెలియదు. మాట్లాడకూడదు, తానెవరో చెప్పుకోకూడదు. అది జట్టు కట్టుబాటు. బేకరీ యజమాని అని కొందరు, కాదు చర్చి ఫాదరే అని కొందరు పందేలు కాసేవారు. పాత ఆటగాళ్లను అడిగితే, "తాబేలునే అడుగు" అని నవ్వేసేవారు.

సీట్లు నిండకపోతే ఈ ఏడాదితోనే జట్టు మళ్లీ మూత. పెట్టుబడి పెట్టినవాళ్లు ఆ మాట ముందే చెప్పేశారు. అందుకే జొలీన్ రేడియోలో చెప్పించింది.

"ఆనాడు క్లెమ్ వేషం వేసినవారు శనివారం హాలుకి రండి. వేషం మీదే."

శనివారం డజను మంది మగవాళ్లు దిగారు. అందరూ క్లెమ్‌లే.

"నేనే క్లెమ్‌ని. నా నడుం నొప్పే సాక్ష్యం" అన్నాడు ప్లంబర్ డేల్.

"ఒరేయ్ డేల్, అది సోఫా మీంచి పడితే వచ్చిన నొప్పిరా! ఊరంతటికీ తెలుసు" అన్నాడు పక్కవాడు.

జొలీన్ ఒక్కొక్కరినీ గోడెక్కించింది. ఒకడు అసలు ఎక్కలేకపోయాడు. ఒకడు పడి బూతులు తిట్టాడు. డేల్ పడగానే "చచ్చాన్రా దేవుడా!" అంటూ తనే లేచి కూర్చున్నాడు.

బెంచీ చివర కూర్చున్న ఒక పెద్దావిడ కిసుక్కున నవ్వింది. జొలీన్‌కు చిరాకేసింది.

"మీరు ఎవరితో వచ్చారమ్మా?"

"ఒక్కదాన్నే వచ్చాను."

"టికెట్లయితే కింద కిటికీ దగ్గర ఇస్తున్నారు."

"టికెట్ కోసం కాదమ్మా. రేడియోలో విన్నాను."

"ఓ, తమాషా చూద్దామని వచ్చారా? అయితే కాస్త వీళ్లకి కాఫీ పోసిపెడుదురూ, పుణ్యముంటుంది. నాకు ఊపిరాడ్డం లేదు."

ఆవిడ జొలీన్ మొహంలోకి చూస్తూ ఆగింది, ఇంకేదో అడుగుతుందేమో అన్నట్టు. జొలీన్ అప్పటికే తర్వాతి మనిషిని పిలుస్తోంది.

పెద్దావిడ లేచి అందరికీ కాఫీ పోసింది. డేల్ నడుముకి ఐసు ముక్కలు గుడ్డలో కట్టి ఇచ్చింది. అంతా అయ్యాక ఖాళీ కప్పులు ఏరి పారేసి, వచ్చినంత నెమ్మదిగానే వెళ్లిపోయింది.

చివరికి జొలీన్ ఆ వేషాన్ని కాలేజీలో జిమ్నాస్టిక్స్ చేసే ఒక కుర్రాడికిచ్చింది.

మొదటి ఆటకు హాలు నిండింది. టచ్‌డౌన్ పడింది. కొత్త క్లెమ్ గోడ మీంచి పిల్లిమొగ్గ వేసి, పడీ పడకముందే చక్కగా లేచి నిలబడ్డాడు. పరుగెత్తుకొచ్చిన పిల్లలు ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయారు. కాసేపు చూసి, వెనక్కి వెళ్లి పాప్‌కార్న్ తినసాగారు.

"వీడు క్లెమ్ కాదు" అన్నారు పెద్దవాళ్లు.

మూడో ఆటకు సగం సీట్లు ఖాళీ.

ఆ రోజు మొదటి వరుసలో నల్లకోటు వేసుకున్న ఒకాయన ఒంటరిగా కనిపించాడు. పాత జట్టు కెప్టెన్ రాస్కో. జొలీన్ పరుగున వెళ్లింది.

"సార్, మీరా! వస్తున్నట్టు ఒక్క మాట చెప్పి ఉంటే..."

"ఆట కోసం రాలేదమ్మాయ్. అంత్యక్రియలకని వచ్చాను. ఎలాగూ వచ్చాను కదాని ఇటు తొంగిచూశాను."

"అయ్యో! మీవాళ్లా?"

"మనవాళ్లే."

జొలీన్ పక్క సీట్లో కూలబడింది. ఎన్నాళ్లనుంచో బిగబట్టుకున్న ఏడుపు వచ్చేసింది.

"మళ్లీ మూతపడేట్టుంది సార్. ఇప్పుడైనా చెప్పండి, క్లెమ్ ఎవరు? కాళ్లు పట్టుకునైనా తెచ్చుకుంటాను. రేడియోలో అంతగా పిలిచినా రాలేదు."

"ఆ మాట అనకు. వెర్నా వచ్చింది. శనివారం అందరికంటే ముందే వచ్చి మీ బెంచీ మీద కూర్చుంది. నోటితో చెప్పడం కట్టుబాటు కాదు కదా, అడిగితే తలూపుదామనుకుంది."

జొలీన్‌కు బెంచీ చివర కూర్చున్న పెద్దావిడ గుర్తొచ్చింది. ఆ రోజు అంతమందిని గోడెక్కించి చూసింది. ఆవిణ్ణి పేరు కూడా అడగలేదు. ఇప్పుడే లేచి వెళ్లి ఆవిడ చేతులు పట్టుకోవాలనిపించింది.

"ఆవిడ ఇల్లెక్కడ సార్? ఇప్పుడే వెళ్దాం."

రాస్కో నల్లకోటు బొత్తాలు సర్దుకున్నాడు.

"ఇంక కట్టుబాటూ లేదు, ఇల్లూ లేదమ్మాయ్. పొద్దున్నే మట్టి చేసి వచ్చాం. ఆ శనివారం ఇంటికెళ్లి నాకు ఫోన్ చేసి ఎంత నవ్విందో! 'రాస్కో, ఇవాళ ఊళ్లో మగాళ్లంతా నేనేనట, అందరికీ నా చేత్తోనే కాఫీ పోసి వచ్చాను' అంది."