గూట్లో ఎర్ర నోళ్లు

చింతతోపులో కాకులకీ కోకిలలకీ యుద్ధం. ఆపడానికి దూరపు చెరువుల నుంచి కొంగలొచ్చి, ముందు ఎవరు పొడిచారో తేల్చడంలోనే పొద్దంతా పాడుచేశాయి.

ఇంతలో తల్లికాకి గూట్లో పిల్లలు ఆకలికి ఏడ్చాయి. కోకిల గుడ్డు పెట్టేదీ ఆ గూట్లోనే. ఏ పిల్ల ఎవరిదో కాకికీ తెలీదు, కోకిలకీ తెలీదు. తెరిచిన నోళ్లన్నీ ఎర్రగానే ఉన్నాయి.

"వీటికి మేత పెట్టేదాకా పొడుచుకోవద్దు," అంది ముసలి కొంగ.

"అంతవరకే!" అన్నాయి కాకీ కోకిలా.

పిల్లలు తిని పడుకున్నాయి. కాకి రెక్కలు విదిలించింది. "ఇక మొదలెడదామా?"

"మళ్లీ ఆకలేస్తే మేత తెచ్చేదెవరమ్మా?" అంది కొంగ.

కాసేపటికి కోకిల మేత కోసం పొదవైపు ఎగిరింది.

"ఒసేయ్, ఆ పొదలో పాముంది," అని అరిచింది కాకి. "ఇటు తగలడు!"