ఖాళీ సాకెట్

"ఇది అంటుకుందంటే నా కొట్టుతో పాటు పక్క రెండు కొట్లూ పోతాయి అల్లుడుగారూ. ఆలోచించుకునే స్విచ్చి వేయండి" అన్నాడు మామగారు, బల్ల మీదున్న పెట్టెను స్క్రూడ్రైవర్ కొసతో పొడిచి చూస్తూ.

"పొడవండి, తిప్పండి, ఊపండి. దాని పని అది చేస్తుంది" అన్నాడు అల్లుడు, ఇస్త్రీ చొక్కా చేతులు మడుచుకుంటూ.

ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే ఆ కొట్టును మామగారు వదిలేస్తున్నాడు. మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వడం లేదు. పదకొండు గంటలకు సెల్‌ఫోన్ల వ్యాపారి తాళాల కోసం వస్తాడు. ఈలోగా ఇంట్లోవాళ్లు ఒక్క కరెంటు వస్తువు సొంతంగా కట్టి, తన కళ్లముందు నడిపి చూపిస్తే తాళాలు కట్టినవాళ్లకే అని మామగారు మాటిచ్చాడు. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకునే అల్లుడు పదిన్నరకల్లా చంకలో పెట్టెతో దిగాడు. వెనకాలే మసిగుడ్డ పట్టుకుని కూతురు.

"ఏం చేస్తుందిది?"

"కంప్యూటర్ వేశామనుకోండి. దాన్లోంచి ఈ సన్నతీగ వచ్చి పెట్టెకు కబురు చెబుతుంది. లోపల రిలే, అంటే తనంతట తానే పడే స్విచ్చి, టక్కుమంటుంది. తెర, ప్రింటర్, టేబుల్ లైటు వాటంతటవే వెలుగుతాయి. కంప్యూటర్ ఆపేస్తే అన్నీ ఆరిపోతాయి. బల్ల కింద దూరి స్విచ్చులు వెతుక్కునే పని లేదు."

"కంప్యూటర్ వెయ్యకపోతే?"

"పెట్టె చచ్చినట్టు పడుంటుంది. చుక్క కరెంటు బయటికి వదలదు."

మామగారు మూత విప్పి, కళ్లజోడు ముక్కు మీదకు జార్చాడు.

"సన్నతీగలో వచ్చేది పిల్లికూన. గోడలోంచి వచ్చేది పులి. రెండింటినీ ఒకే పెట్టెలో కాపురం పెట్టించారే?"

"మధ్యలో ప్లాస్టిక్ గోడ ఉంది. పులి వైపు ఫ్యూజు ఉంది. నాలుగు సాకెట్లకూ ఎర్తు తీగ వెళ్లింది" అని ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా చెప్పాడు అల్లుడు.

మామగారు ఒక తీగను గోటితో లాగి చూశాడు. కదల్లేదు. ఇంకోటి లాగాడు. అదీ అంతే. "పని శుభ్రంగా ఉంది" అని గొణిగాడు. ఆ మాట ఆయన నోటి నుంచి రావడమంటే మామూలు సంగతి కాదు. మూత బిగించి, ఇక కానివ్వమన్నట్టు చేతులు కట్టుకున్నాడు.

అల్లుడు పెట్టెను, కొట్టు లెక్కల కంప్యూటర్ ఉన్న ఆ బల్ల కిందకు దించి, పెట్టె తీగను గోడకూ సన్నతీగను కంప్యూటర్‌కూ తగిలించాడు. తెర ప్లగ్గు, ప్రింటర్ ప్లగ్గు, లైటు ప్లగ్గు వరసగా పెట్టెలో గుచ్చాడు. నాలుగో సాకెట్ బోసిగా కనిపించింది. గోడకు ఇంకో నల్లతీగ వేలాడుతూ చూపుకు అసహ్యంగా ఉంది. దాన్నీ పీకి ఆ నాలుగోదాంట్లో గుచ్చి, పెళ్లిచూపులకు గది సర్దినవాడిలా ఒకసారి వెనక్కి జరిగి చూసుకున్నాడు. కూతురి చేతిలో మసిగుడ్డ నలిగిపోయింది.

"చూడండి మామగారూ" అని కంప్యూటర్ మీట నొక్కాడు.

ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. గట్టిగా నొక్కాడు. గోడ స్విచ్చి ఒకసారి ఆపి మళ్లీ వేశాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఏవండీ, చెమట పడుతోంది మీకు. టేబుల్ ఫ్యాను తేనా? గోడకు సాకెట్ ఖాళీగానే ఉంది" అంది కూతురు.

"వద్దులే."

"ఖాళీగా ఉంది చూడండి. ఇందాకే ఖాళీ అయింది."

"ఫ్యాను వద్దన్నానా."

"నువ్వుండవే అమ్మాయ్. కరెంటు పని దగ్గర ఆడపిల్ల మాటలేంటి మధ్యలో" అన్నాడు మామగారు. తర్వాత అల్లుడి వైపు తిరిగి, "మూత విప్పి చూసుకోండి. మీరు కట్టిందేగా" అన్నాడు.

అల్లుడు వంగి మూత మీదకు చెయ్యి చాచి, వేడి పెనం తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు. గుమ్మం ముందు బండి ఆగింది. సెల్‌ఫోన్ల వ్యాపారి హెల్మెట్ తీస్తూ, "ఏం పెద్దాయనా, తాళాలు సిద్ధమేనా" అన్నాడు.

"ఒక్క నిమిషం కూర్చో తమ్ముడూ."

"అబ్బ, ఈ బల్ల కింద ఎంత దుమ్మో" అంటూ కూతురు వంగింది. మసిగుడ్డతో నాలుగుసార్లు దులిపింది. ఆ దులపడంలోనే నల్లతీగ ప్లగ్గు పెట్టెలోంచి ఊడి మళ్లీ గోడకు చేరింది. లేచి, చెంపకంటిన మసి తుడుచుకుంటూ, "ఇంకోసారి నొక్కి చూడండి" అంది.

అల్లుడు నొక్కాడు.

కంప్యూటర్ రయ్యిమంది. కాసేపటికి పెట్టెలో టక్కుమంది. తెర వెలిగింది. ప్రింటర్ గొంతు సవరించుకుంది. టేబుల్ లైటు వెలుగు సరిగ్గా మామగారి బట్టతల మీద పడింది.

"చూశారా మామగారూ. కొత్త వస్తువు కదా, కాస్త బెట్టు చేసింది" అని అల్లుడు నవ్వుతూ చెయ్యి చాచాడు.

మామగారు బల్ల కిందకు ఒకసారి చూశాడు. నల్లతీగ వెంట ఆయన చూపు గోడదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది. మొల్లోంచి తాళాల గుత్తి తీశాడు.

"తమ్ముడూ, ఏమనుకోకు. కొట్టు ఇంట్లోనే ఉండిపోతోంది" అని వ్యాపారితో చెప్పి, అల్లుడి చేతిని దాటుకుంటూ వెళ్లి, మసి అంటిన కూతురి అరచేతిలో గుత్తి పెట్టాడు.

"అదేంటి మామగారూ, పెట్టె కట్టింది నేను కదా."

"కంప్యూటర్ వెలిగితే తప్ప వెలగని పెట్టెకు ఆ కంప్యూటర్‌నే గుచ్చే మనిషి, ఈ పెట్టెను కట్టి ఉండడు అల్లుడుగారూ."