పెంకు విడిచిన పీత

చుట్టూ సముద్రమే ఉన్న దీవిలో ఒక పీత ఆ ఉదయమే పాత పెంకు విడిచింది. ఒళ్లంతా వెన్నముద్దలా మెత్తబడి, ఇసుక మీద కదల్లేక పడుంది. అంతలో జంతువుల్ని చూడాలని టూరిస్టుల గుంపొకటి అటే వస్తోంది.

“ఏం బావా, రోజూ నా తోక గిల్లేవాడివి, ఇవాళ చేతులు లేవడం లేదా?” అంది కొబ్బరిచెట్టు మీది కోతి.

“వాళ్ల కాలు పడితే పచ్చడైపోతాను. ఏదో ఒకటి చెయ్యి మరదలా.”

కోతి చటుక్కున దిగి, గైడు టోపీ లాక్కుని హోటలు మేడ మీదికి పరుగెత్తింది. గుంపంతా ఫోన్లు పట్టుకుని దాని వెనకే పోయింది.

సాయంత్రం కోతి టోపీతోనే వచ్చింది. “ఈ దీవిలో జంతువుల్ని చూడాలంటే హోటలు మేడే మంచి చోటని వాళ్లే అనుకున్నారు. ఇక ఇటు రారు.”

పీత హమ్మయ్య అనుకుంది. “ఇంకెప్పుడూ నీ తోక గిల్లనులే.”

“మెల్లిగా గిల్లు బావా. అసలు గిల్లకపోతే నాకు పొద్దుపోదు.”